తెల్లదుప్పటి కింద స్లాట్ మెషిన్

మొన్న శనివారం పొద్దున మా వీధిలో గరాజ్ సేల్స్ పెట్టారు. అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేమున్న ఈ సబ్‌డివిజన్‌లో, అంటే ఇళ్ళ కాలనీలో, ఏటా ఎండలు ముదిరే ముందు ఇదొక తంతు; ఎవరింటి ముందు వాళ్ళు బల్లలు వేసి, తమకు పనికిరాని సామాను పరిచి, పక్కవాళ్ళకు పనికిరాని సామాను కొనుక్కుని లోపలికి పోతారు. మోకాళ్ళకు నడక మంచిదని డాక్టరమ్మ చెప్పింది గనక నేనూ బయల్దేరాను. కొత్తగా వచ్చిన తెలుగు కుర్రాడొకడు, వరంగల్ వైపు అబ్బాయి, ఒక బరువైన పెట్టెను ట్రాలీ మీదికి ఎక్కించే అవస్థలో ఉన్నాడు. నన్ను చూడగానే ప్రాణం లేచివచ్చినట్టు, "ఆంటీ, మీరు కార్ పెయింట్ల పనిచేసిన్రట గద, దీని మీద గీతలు పోతయా?" అని అడిగాడు.

వంగి చూస్తే స్లాట్ మెషిన్. క్యాసినోల్లో వరసలు వరసలుగా నిలబెట్టి ఉంటాయే, అదే, పాతకాలం నాటిది. ముందు అద్దం, అద్దం వెనక బొమ్మల చక్రాలు, కుడిపక్కన లాగే పిడి. లోపలి యంత్రం బాగానే తిరుగుతోందట, పైపెట్టె మాత్రం గీతలు పడి, మూలలు కొట్టుకుపోయి, సిగరెట్లు కాలిన మచ్చలతో ఉంది. బేస్‌మెంట్‌లో పెట్టుకుని ఫ్రెండ్స్ వచ్చినప్పుడు సరదాగా ఆడుకుంటాడట. నేను చెప్పవలసింది చెప్పాను. ముందు జిడ్డు పూర్తిగా వదలగొట్టాలి, సొట్టల్లో ఫిల్లర్ నింపి ఆరాక తడి శాండ్‌పేపర్‌తో నున్నగా రుద్దాలి, రంగు పట్టేందుకు ప్రైమర్ కొట్టాలి, ఆపైన రంగు పల్చపల్చగా పొరలు పొరలుగా వేయాలి, ఆత్రపడి ఒకేసారి మందంగా కొడితే కారిపోతుంది. అతను బుద్ధిగా తలూపాడు. నేను నడక మధ్యలోనే మానేసి ఇంటికి వచ్చి, కాఫీ పెట్టుకోబోయి, స్టవ్ ఆపేసి కూర్చున్నాను.

అలాంటి పెట్టె ఒకదాన్ని ఈ చేతులతోనే నేను బాగుచేశాను, మా మరిది కోసం. నా ఈడు వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళింట్లోనూ ఇలాంటి కథ ఏదో ఒకటి ఉండే ఉంటుంది, బయటికి చెప్పుకోలేదంతే.

ఈ దేశం వచ్చిన కొత్తలో మావారు కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు, నేను గుంటూరులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివి వచ్చి కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చునే ఇల్లాలిని. కార్లకు రంగులు తయారుచేసే ల్యాబ్‌లో ఉద్యోగం దొరికినప్పుడు, రంగులు కలపడానికేముంది, మా అమ్మ క్రిస్మస్ ముందు సున్నంలో నీలిమందు కలిపినట్టే కదా అనుకున్నాను. నా మొహం. అరచేతంత రేకు ముక్కల మీద రంగు కొట్టి, కిటికీ వెలుతురులో ఒకసారి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి, పసుపుపచ్చ బల్బు కింద ఒకసారి చూడాలి. ఒక వెలుతురులో చక్కగా కలిసిపోయిన రెండు రంగులు ఇంకో వెలుతురులోకి వచ్చేసరికి ఎడమొహం పెడమొహంగా ఉంటాయి. ఆ తగువులు తీర్చడమే రిటైరయ్యేదాకా నా ఉద్యోగం. పెళ్ళిళ్ళకు వెళ్ళినా పట్టుచీరల కంటే ముందు పార్కింగ్‌లో కార్ల తలుపులు చూస్తానని మావారు ఉన్నన్నాళ్ళూ నన్ను ఏడిపించేవారు.

మా మరిది మావారికి ఒక్కడే తమ్ముడు. మా తర్వాత కొన్నేళ్ళకు వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో చేరి, మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఇల్లు కొనుక్కున్నాడు. ఆ పెళ్ళి నేను కుదిర్చిందే. మా తోటికోడలు నర్సు, మాటకారి కాదు గాని పని రాక్షసి. వాళ్ళకొక పాప. మరిది ఉంటే ఇల్లంతా సందడి. చర్చిలో ఢోలక్ అతనిదే, పిక్నిక్కుల్లో బిర్యానీ అతనిదే, ఎవరికి కారు చెడినా ముందు ఫోను వెళ్ళేది అతనికే. నన్ను వదినా అని పిలిచే పిలుపులోనే నవ్వు ఉండేది. నాకు తమ్ముళ్ళు లేరు, ఆ లోటు అతను వచ్చాక నాకు తెలియలేదు.

చర్చి అంటే అప్పట్లో మాకు సొంత బిల్డింగ్ లేదు. ఒక అమెరికన్ చర్చి హాలు ఆదివారం మధ్యాహ్నాలకు అద్దెకు తీసుకునేవాళ్ళం. వాళ్ళ ఆరాధన ముగిసి కాఫీ వాసన ఇంకా పోకముందే మేము చాపలూ, ఢోలకూ, పులిహోర గిన్నెలూ మోసుకుంటూ దిగేవాళ్ళం. ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉండేది. వీసా వచ్చినవాళ్ళూ, పోయిన ఉద్యోగం మళ్ళీ దొరికినవాళ్ళూ, ఆపరేషన్ నుంచి క్షేమంగా లేచినవాళ్ళూ నిలబడి ప్రభువు తమకు చేసిన మేలు చెప్పేవాళ్ళు, మేమందరం స్తోత్రం అనేవాళ్ళం. నాకు ఆ సమయమంటే ఎంతో ఇష్టం. ఒక్క సంగతి మాత్రం గమనించాను, అందరూ గట్టెక్కాకనే చెబుతారు. స్టాంపు పడ్డాక, రిపోర్టు నార్మల్ అని వచ్చాక. ఇంకా మునుగుతున్నవాడు లేచి మాట్లాడడం నేను ఎన్నడూ ఎరగను. అలాంటివాళ్ళు మహా అయితే పాస్టరుగారితో, కుటుంబ సమస్య ఒకటి ఉంది, ప్రార్థన చేయండి అని పొడిగా చెప్పి తప్పుకునేవాళ్ళు.

డౌన్‌టౌన్‌లో క్యాసినోలు తెరిచాక మరిదిని ఆఫీసువాళ్ళెవరో సరదాగా తీసుకెళ్ళారు. సరదా ఎప్పుడు పోయిందో, పిచ్చి ఎప్పుడు పట్టుకుందో మాకెవరికీ తెలియదు. తోటికోడలికి డ్యూటీ ఉన్న రోజుల్లో ఓవర్‌టైం అని చెప్పి పాపను మా ఇంట్లో దింపి వెళ్ళేవాడు. పాపకు అన్నం పెట్టి, హోంవర్క్ చేయించి, పాపం మరిది ఎంత కష్టపడుతున్నాడో అని జాలిపడేదాన్ని. ఒకరోజు పాపకు జ్వరం వస్తే తోటికోడలు అతని ఆఫీసుకు ఫోన్ చేసింది, మధ్యాహ్నమే వెళ్ళిపోయాడన్నారు. ఆ సాయంత్రం అతను వచ్చి, వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేసి ఏడ్చాడు. ఆ వసంతంలోనే మా అత్తయ్యగారు ఇండియా నుంచి ఆరునెలలు ఉండడానికి వచ్చి ఉన్నారు.

అత్తయ్యగారు మిషన్ స్కూల్లో టీచరుగా రిటైరయ్యారు. బైబిలు ఏ అధ్యాయం అడిగినా చూడకుండా చెప్పగల మనిషి, ఆవిడ ముందు మావారు కూడా చేతులు కట్టుకునే కూర్చునేవారు. నా డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చుని చర్చ జరిగింది. డాక్టరుకు చూపిద్దామని తోటికోడలు అంది, పాస్టరుగారికైనా చెబుదామని నేనన్నాను. అత్తయ్యగారు రెండూ కుదరవన్నారు. అప్పుడు ఆవిడ నోట మొదటిసారి విన్నాను, మా మామయ్యగారు తాగేవారట. సారా కొట్టు ముందు ఆయన్ని ఎవరూ చూడకూడదని ఆవిడే సీసా ఇంటికి తెప్పించి, తలుపు వేసి, తాగినంత తాగనిచ్చి పడుకోబెట్టేవారట. ఊళ్ళో ఒక్కరికి కూడా తెలియకుండా ఆయన పెద్దమనిషిగా వెళ్ళిపోయారని ఆవిడ గర్వంగా చెప్పారు. గడప దాటనివ్వకపోతే సగం జబ్బు నయమైనట్టేనని ఆవిడ నమ్మకం. మావారి కొలీగ్ ఒకాయన బేస్‌మెంట్‌లో పాత స్లాట్ మెషిన్ ఉంది, ఉత్త టోకెన్లతో ఆడుకుంటాడు. అలాంటిది ఒకటి ఇంట్లో పెడితే వీడు బయటికి పోడు అని తీర్మానమైంది. మరిది తలూపాడు. అతని కళ్ళల్లో ఆ క్షణాన కనిపించిన వెలుగు తోటికోడలూ చూసింది, నేనూ చూశాను.

పాత మెషిన్లు అమ్మే ఒకాయన దగ్గర కొని, అన్నదమ్ములిద్దరూ పికప్ ట్రక్కులో తెచ్చి మా గరాజ్‌లో దింపారు. ఏళ్ళ తరబడి ఎవరెవరి చేతుల్లోనో పడి నలిగిన పెట్టె. పక్కరేకు సొట్టలు, మూలల్లో తుప్పు, ముందు అంచున సిగరెట్ మచ్చలు. అత్తయ్యగారు దాన్ని చూసి ముక్కు మూసుకుని, ఈ క్యాసినో కంపు పోయేలా కొత్తగా చేయమ్మాయ్ అన్నారు. నాకెందుకో ఒళ్ళు మండింది గాని, నిజం చెప్పొద్దూ, పాడైన రేకు కనబడితే నా చేతులు ఊరుకోవు.

ఆ వేసవిలో రెండు వారాంతాలు మరిదీ నేనూ దాని మీద పనిచేశాం. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండే రోజులు అవి. గరాజ్ తలుపు ఎత్తిపెట్టి, మూతులకు మాస్కులు కట్టుకుని, అద్దానికీ పిడికీ టేపు అంటించి పేపర్లు కప్పి, అతను తడి శాండ్‌పేపర్‌తో రుద్దుతుంటే నేను వేళ్ళతో తడిమి ఎక్కడ ఎత్తుగా ఉందో చెప్పేదాన్ని. కంటికి కనబడని ఎత్తుపల్లాలు వేళ్ళకు తెలుస్తాయి. కళ్ళు మూసుకుని తడమమని అతనికీ నేర్పాను. రంగు ఏది వేద్దామంటే, మీ ల్యాబ్‌లో ఎవరూ ఇష్టపడని రంగు ఉంటే పట్టుకురా వదినా, దానికీ నాకూ జోడీ కుదురుతుంది అని నవ్వాడు. అప్పట్లో నేను ఎంతో మోజుపడి చేసిన నెమలికంఠం రంగు ఒకటుంది, అలాంటి కారు ఎవడు కొంటాడని పైవాళ్ళు తోసిపుచ్చారు. అడిగి తెచ్చుకున్న ఆ మిగులు డబ్బా విప్పి మూడు పొరలు కొట్టి, పైన రంగులేని మెరుపు పొర, క్లియర్ కోట్ వేసి, గుడ్డతో మెరుగుపెడితే ఆ దిక్కుమాలిన పెట్టె పెళ్ళికూతురిలా తయారైంది. మరిది దాని చుట్టూ తిరిగి తిరిగి చూసుకున్నాడు.

మెషిన్ వాళ్ళ బేస్‌మెంట్‌లోకి చేరింది. నిజంగానే అతను బయటికి వెళ్ళడం మానేశాడు. సాయంత్రం వేళకు ఇంటికి రావడం, పాపను పార్కుకు తీసుకెళ్ళడం, అన్నీ దారిలో పడ్డట్టే కనిపించాయి. అత్తయ్యగారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. తన తిరుగు ప్రయాణం లోపల కొడుకు సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాలని పట్టుబట్టారు. ఇంకొన్నాళ్ళు చూద్దామమ్మా అని అతను నసిగాడు. ప్రభువు చేసిన మేలు దాచుకుంటే ద్రోహమని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. జబ్బున్నన్నాళ్ళు నోరెత్తవద్దన్న మనిషే ఇప్పుడు అందరి ముందూ చెప్పమంటున్నారు, అదేమి న్యాయమో నాకు అర్థం కాలేదు. కాని ఆవిడ ప్రకారం అందులో తిరకాసేమీ లేదు, నయమైన రోగాన్ని చెప్పుకోవచ్చు, అంతే.

ఆ ఆదివారం అతను ఢోలక్ పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. జూదం అనే ఉచ్చులో పడ్డాననీ, తల్లి ప్రార్థనల వల్ల విడుదల పొందాననీ, ఇప్పుడు ఆ చోటు గడప కూడా తొక్కడం లేదనీ చెప్పాడు. ఆ మాటల్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు, అదే దారుణం. హాలంతా స్తోత్రాలతో మోగిపోయింది. పాస్టరుగారు కౌగిలించుకున్నారు. ఆయన దేవుడి మనిషే, ఆయన్ని అనడానికేమీ లేదు, ఆ బేస్‌మెంట్‌లో ఏముందో ఆయనకు ఎవరు చెప్పారు గనక. మా తోటికోడలు నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా పట్టుకుంది. మర్నాటి నుంచి అతనికి ఫోన్లు మొదలయ్యాయి. మా తమ్ముడికి బుద్ధి చెప్పమని ఒకరు, మా ఆయన కోసం వచ్చి ప్రార్థన చేయమని ఒకరు.

సాక్ష్యం చెప్పిన ఇంట్లో కూడిక పెట్టుకోవడం మా సంఘంలో ఆనవాయితీ. శుక్రవారం సాయంత్రం ముప్పై మంది పట్టే చోటు వాళ్ళ బేస్‌మెంట్ ఒక్కటే. మెషిన్ బరువుకు మెట్లెక్కించడం కుదరదు. మరిది రెంచీతో పక్కపిడి విప్పేశాడు, అత్తయ్యగారు ఇస్త్రీ చేసిన తెల్లదుప్పటి నేల దాకా కప్పారు. పాస్టరుగారు వచ్చి, అది ప్రసంగానికి వేసిన బల్ల అనుకుని, తన బైబిలు దాని మీద పెట్టుకుని వాక్యం చెప్పారు. వద్దని ఎవరు అనగలరు? నేను తలెత్తి చూడలేకపోయాను. మరిది ఢోలక్ వాయిస్తూ ఆ దుప్పటి వైపే చూస్తున్నాడు. ఆ తర్వాత ఆ బల్ల చక్కటి ఎత్తులో ఉందని పాస్టరుగారు మెచ్చుకుని, కూడికలు తరచుగా అక్కడే పెట్టడం మొదలుపెట్టారు.

ఆకులు రంగు మారేవేళకు, అత్తయ్యగారి ప్రయాణం ఇక దగ్గరపడిందనగా, తోటికోడలు నన్ను ఒకసారి రమ్మని ఫోన్ చేసింది. వెళ్ళేసరికి వంటింట్లో పచ్చడిబండ నేల మీద పడి ఉంది. డ్యూటీ నుంచి అనుకోకుండా ముందుగా వస్తే పాప పైన ఒంటరిగా ఏడుస్తోందట, అతను కింద మెషిన్ ముందు ఉన్నాడట, ఎన్నిసార్లు పిలిచినా తల తిప్పలేదట. బండ తీసుకెళ్ళి మెషిన్ నెత్తిన కొట్టి, పైకి తెచ్చి పడేసింది. కుడి మూల రేకు చీలి, అంచు కత్తిలా పైకి లేచింది. ఆ శుక్రవారమే మళ్ళీ కూడిక. ఆ అంచు తగిలి దుప్పటి చిరిగితే ఇక చెప్పేదేముంది, అందుకని వెంటనే బాగుచేయమని అత్తయ్యగారి ఆజ్ఞ.

నేను పనిముట్లు తీసుకుని కిందికి దిగాను. మూల సంగతి చూస్తూ, అలవాటుగా పెట్టె మొత్తం చేత్తో తడిమాను. ఎడమ వైపు పైఅంచున నా వేళ్ళు ఆగిపోయాయి. కుడిచేత్తో పిడి లాగేవాడు ఎడమచెయ్యి ఆనించే చోటు అది. దీపం దగ్గరగా పట్టుకుని చూశాను. అరచెయ్యి మేర క్లియర్ కోట్ పోయింది, నా నెమలికంఠం రంగు పోయింది, ప్రైమర్ కూడా పోయి కింద రేకు మెరుస్తోంది. కారు తలుపుకు చెయ్యి ఆనే చోట రంగు ఎన్నాళ్ళకు అరుగుతుందో పరీక్షించడం మా ల్యాబ్‌లో రోజూ ఉన్న పనే. గరాజ్‌లో కొట్టిన రంగు ఫ్యాక్టరీ రంగంత గట్టిది కాదు, ఒప్పుకుంటాను. అయినా ఒక్క వేసవిలో అంత అరగాలంటే ఆ మనిషి నిద్ర, తిండి లేకుండా దాన్ని పట్టుకుని వేలాడుతూ ఉండాలి.  అతను మానలేదు, ఇంట్లో ఉండి మరింత ముదిరాడు.

మరిది మెట్ల మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. మొహం పీక్కుపోయి ఉంది. నేను ఇంత కాలం అతని మొహం సరిగ్గా చూడలేదా, లేక అతను నవ్వుతో కప్పేశాడా, ఇప్పటికీ తెలియదు. పాస్టరుగారి దగ్గరికి ఇప్పుడే పోదాం పద, నేనూ వస్తాను అన్నాను. 

"సాక్ష్యం చెప్పేశాను కదా వదినా," అన్నాడు. "విడుదలైపోయానని అందరి ముందూ చెప్పాక, ఇప్పుడెళ్ళి ఇంకా లోపలే ఉన్నానని ఎవరికి చెప్పను?"

 పైకి వెళ్ళి మావారితో, అత్తయ్యగారితో గట్టిగానే పోట్లాడాను. ఈ మెషిన్ రేపే తీసేయాలి, ఇతన్ని డాక్టరుకు చూపించాలి, సంఘానికి నిజం చెప్పాలి అన్నాను. అత్తయ్యగారు, ఇంట్లో ఉంది గనకనే ఈమాత్రమైనా ఉన్నాడు, తీసేస్తే మళ్ళీ అక్కడికే పోతాడు అన్నారు. మావారు, మా తమ్ముడి సంగతి మేం చూసుకుంటాం, నువ్వు రంగు సంగతి చూడు అన్నారు. మంచి మనిషి, నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనని మనిషి, ఆ ఒక్క రోజు అన్నారు. మూల రేకు లోపలికి వంచి, ఫిల్లర్ పెట్టి, నున్నగా రుద్ది, ఎవరి చెయ్యీ కోసుకుపోకుండా రంగు వేశాను. అరచేతి గుర్తు ఉన్న చోటు మాత్రం ముట్టుకోలేదు. అదీ వేసెయ్యమ్మాయ్ అని అత్తయ్యగారు అంటే, అది నేను వేయను, మీరు రోజూ చూడాలి అన్నాను. శుక్రవారం దాని మీద దుప్పటి పడింది, పాటలు పాడారు, మరుసటి వారం ఆవిడ ఇండియా వెళ్ళిపోయారు.

నేను ఊరుకోలేదు. జూదం మానలేనివాళ్ళు వారానికోసారి కలుసుకుని ఒకరికొకరు మనసు విప్పి చెప్పుకునే మీటింగులు ఉంటాయని ల్యాబ్‌లో ఒకావిడ చెబితే, దగ్గర్లో ఎక్కడో కనుక్కుని, మరిదిని ఒప్పించి, నా కారులోనే తీసుకెళ్ళాను. అడ్రసు దగ్గరికి వెళ్ళాక గాని తెలియలేదు, అది మేము ఆదివారాలు అద్దెకు తీసుకునే చర్చే. వెనక కారిడార్లో చివరి గదిలో మీటింగ్. ఫర్వాలేదు, ఈరోజు మనవాళ్ళెవరూ ఉండరు అన్నాను. అతను దిగి వెళ్ళాడు. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చి సీట్లో కూలబడ్డాడు. క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకు మన యూత్ వచ్చి హాల్లో ఉన్నారట. అంకుల్, ఢోలక్ తేలేదా అని అడిగారట. ఇంకెక్కడైనా ఉందేమో చూద్దాంలే వదినా అన్నాడు. వేరే ఊళ్ళో మీటింగ్ కనుక్కున్నాను కూడా. ఆఫీసులో పని ఉందని ఒక వారం, మంచు పడుతోందని ఒక వారం దాటేశాడు.

జనవరి చలిలో ఒక పనిరోజు మధ్యాహ్నం తోటికోడలికి ఫోన్ వచ్చింది. మరిది క్యాసినోలో, మెషిన్ ముందు స్టూలు మీద, గుండె ఆగి పోయాడు. ఉత్త టోకెన్లతో ఆ ఆకలి తీరదని అతనికి ఎప్పుడో తెలిసి ఉంటుంది, మాకే తెలియలేదు. అత్తయ్యగారు ఇండియా నుంచి ఫోన్లో ఏడుస్తూనే, ఆఫీసులో పోయాడని చెప్పండి అన్నారు. మావారు అలాగే అందరికీ చెప్పారు. నేను కాదనలేదు, అవుననలేదు. 

ఫ్యునరల్ హోమ్‌వాళ్ళు భౌతికకాయాన్ని సిద్ధం చేసి చూడమని పిలిచారు. అక్కడి ముసలాయన ఎంతో మర్యాదస్తుడు, తన చేతనైనంత చేశాడు, కాని అతని దగ్గరున్న రంగులు మన మనుషుల కోసం చేసినవి కావు. మరిది మొహం బూడిద పూసినట్టుంది. తోటికోడలు చూసి వెనక్కి తగ్గి, "అక్కా, ఈయన ఈయన కాదు. నువ్వు చెయ్యి," అంది. ఎలా చేశానో నాకే తెలియదు. ఆమె బ్యాగులో ఉన్న మేకప్ సామానూ, నా బ్యాగులో ఉన్నదీ తీసి, నా అరచేతి వెనక కలిపి చూసుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి చూసి, దీపం కిందికి వచ్చి చూసి, ఒక్కొక్క వేలితో అద్దాను. బతికున్నప్పుడు ఒక్కసారి కూడా ముట్టుకోని మొహం. చామనఛాయలో ఎర్రజీర ఒకటి ఉంటుంది, నవ్వినప్పుడు బయటపడేది, అది ఎంతకీ కలవలేదు. కలిసినంతవరకు కలిపి ఇక చాలు అనుకున్నాను. ముసలాయన చేతులు జోడించాడు. నేను బయటికి వచ్చి మంచులో నిలబడి బావురుమన్నాను.

సమాధి ఆరాధనలో పాస్టరుగారు అతని సాక్ష్యాన్ని గుర్తుచేసి, విడుదల పొందిన బిడ్డగా ప్రభువు దగ్గరికి వెళ్ళాడన్నారు. ఎవరైనా మాట్లాడతారా అని అడిగితే, ఎప్పుడూ నోరు విప్పని మా తోటికోడలు లేచింది. మావారు కొంగు పట్టుకుని ఆపబోతే విడిపించుకుంది.

"మా ఆయన ఆఫీసులో పోలేదండి. క్యాసినోలో పోయాడు," అంది. "ఆయనకి నయం కాలేదు. నయమైందని మేమే చెప్పించాం. చెప్పించాక ఇంక ఆయనకి మాట్లాడే చోటు లేకుండా పోయింది."

అంతే చెప్పి కూర్చుంది. ఒక్కరు కూడా స్తోత్రం అనలేదు.  ఆ తర్వాత అత్తయ్యగారు చనిపోయేదాకా ఆమెతో మాట్లాడలేదు. సంఘంలో ఆమెను ఎవరూ ఏమీ అనలేదు, కాని పక్కన కూర్చునేవాళ్ళు తగ్గారు. కొన్నాళ్ళకు పాపను తీసుకుని వేరే రాష్ట్రంలో ఉన్న క్యారీకి ఉద్యోగం మార్చుకుని వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఆదివారం సాయంత్రాలు నాకు ఫోన్ చేస్తుంది, ఆ రోజు సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం.

ఇప్పుడు మా సంఘానికి సొంత బిల్డింగ్ ఉంది, పెద్ద స్క్రీన్లు ఉన్నాయి, పులిహోర క్యాటరింగ్ నుంచి వస్తుంది. స్లాట్ మెషిన్‌కి ఇప్పుడు పెట్టె కూడా అక్కర్లేదట, ఫోన్లోనే ఉంటుందట. దాచడానికి దుప్పటి అక్కర్లేదు, కొట్టడానికి మూల లేదు. ఎంత సేపు రుద్దినా అద్దం అరగదు, నాలాంటి వాళ్ళు వేళ్ళతో తడిమి కనిపెట్టడానికి అందులో ఏమీ మిగలదు. వాక్యం జరుగుతుంటే తల వంచుకుని ఫోన్ చూసే పిల్లలు బైబిలే చదువుతున్నారో, ఇంకేం చేస్తున్నారో వెనక కూర్చున్న నాకు తెలియదు. సాక్ష్యాల సమయం మాత్రం అలాగే ఉంది. వీసాలు వచ్చినవాళ్ళు, రిపోర్టులు బాగున్నవాళ్ళు లేచి చెబుతారు, నేనూ అందరితో పాటు స్తోత్రం అంటాను. వాళ్ళు కూర్చున్నాక పాస్టరుగారు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగి ఒక్క నిమిషం ఆగుతారు. ఆ నిమిషంలో ఎవరో ఒకరు లేచి, నాకింకా నయం కాలేదు అని చెబుతారేమోనని ప్రతి ఆదివారం హాలంతా కలయజూస్తాను. ఇంతవరకూ ఎవరూ లేవలేదు.